షాక్, కోబ్‌లకు పడేది కాదు. మరి వరసగా మూడు టైటిళ్ళు ఎలా కొట్టారు?

నిజాంపేట్_పోస్ట్ | శనివారం రాత్రి 10:40

నిన్న నిద్రపట్టక 2000 ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ వెస్ట్ ఫైనల్ (పశ్చిమ విభాగం ఫైనల్) ఏడో మ్యాచ్ మొదటి నుంచి చివరిదాకా మళ్ళీ చూశాను. షాక్ (షాకిల్ ఓనీల్), కోబ్ (కోబీ బ్రయంట్) ఆడిన లేకర్స్, ఎదురుగా పోర్ట్‌లాండ్. నాలుగో క్వార్టర్‌లో లేకర్స్ 15 పాయింట్లు వెనకబడి ఉంది. అక్కణ్ణుంచి పోర్ట్‌లాండ్ వాళ్ళు వరసగా 13 షాట్లు మిస్ అయ్యారు, ఆట తిరగబడింది. ఇంకో నలభై సెకన్లు ఉందనగా కోబ్ బంతితో పిపెన్‌ని దాటుకుని లోపలికి వచ్చాడు. కొడతాడనే అనుకుంటాం. బంతిని రింగు పైకి ఎత్తి వదిలేశాడు. షాక్ ఒంటిచేత్తో అందుకుని దించేశాడు.

ఆ డంక్ మనందరికీ తెలిసిందే. నేను రాత్రి వెనక్కి తిప్పి తిప్పి చూసింది ఆ తర్వాతి నాలుగు సెకన్లు. నోరంతా తెరుచుకుని, రెండు చేతుల వేళ్ళూ చూపిస్తూ, అంత భారీ మనిషి చిన్నపిల్లాడిలా వెనక్కి పరిగెడతాడు. అప్పటికే ఆ ఇద్దరికీ పడదని లీగంతటికీ తెలుసు.

పడని ఇద్దరు అలా ఆడగలరా? నాకైతే ఆ టెన్షనే వాళ్ళని అలా ఆడించిందనిపిస్తోంది. ఒకడి కన్నా ఒకడు మిన్న అనిపించుకోవాలన్న కసి లేకపోతే ఆ మూడు టైటిళ్ళు వచ్చేవి కావు. మీరేమంటారు?

ప్లేమేకర్_వైజాగ్ | శనివారం రాత్రి 11:05

ఒప్పుకోను అన్నా. గొడవ ఉన్నా గెలిచారు అనండి, ఒప్పుకుంటాను. గొడవ వల్ల గెలిచారంటే మాత్రం కుదరదు.

ఎనిమిదేళ్ళు కలిసి ఆడారు. 1996లో ఇద్దరూ ఒకే వేసవిలో వచ్చారు, 2004 జులైలో షాక్‌ని మయామీకి పంపేశారు. అప్పటికి షాక్‌కి 32, కోబ్‌కి 25. ఆ తర్వాత ఏమైంది? షాక్ 2006లో వేడ్‌తో గెలిచాడు. కోబ్ 2009, 2010లో గసోల్‌తో గెలిచాడు. విడిపోయాక ఇద్దరికీ కలిపి మూడు టైటిళ్ళు. ఆ మూడూ ఒకే జెర్సీ మీద రావాల్సినవి. నాకు లేకర్స్ అంటే ప్రాణం, ఆ లెక్క తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని ఊరికే అనలేదు పెద్దలు.

నంబర్లే_సాక్షి | శనివారం రాత్రి 11:32

ఇద్దరూ 2000-01 సీజన్‌ని వదిలేశారు. ఈ చర్చకి గుండెకాయ అదే.

గొడవ రచ్చకెక్కిన ఏడాది అది. బంతి తన దగ్గరికి రాకపోతే డిఫెన్స్‌లో తన నుంచి కష్టం ఆశించొద్దని షాక్ బాహాటంగానే అనేవాడు. తన ఆట ఇంకా పెరుగుతుంటే తగ్గించుకోమంటారేమిటని కోబ్ పంతం. మ్యాచ్‌కి పాయింట్ల సగటు చూడండి: షాక్ 28.7, కోబ్ 28.5. ఇద్దరూ దాదాపు సమానం. జట్టు మాత్రం అంతకుముందు ఏడాది 67 మ్యాచ్‌లు గెలిస్తే ఆ ఏడాది 56కి పడిపోయింది.

ఇక్కడిదాకా ప్లేమేకర్ గారి మాటే నిజం. కానీ చివరి 8 మ్యాచ్‌లు వరసగా గెలిచారు. ప్లేఆఫ్స్‌లో పోర్ట్‌లాండ్, శాక్రమెంటో, శాన్ ఆంటోనియో, ఈ మూడు జట్ల మీద ఒక్కటంటే ఒక్క మ్యాచ్ ఓడలేదు. ఫైనల్స్ మొదటి మ్యాచ్‌లో ఫిలడెల్ఫియా స్టార్ ఐవర్సన్ 48 కొట్టి ఓవర్‌టైమ్‌లో వాళ్ళని ఆపాడు, ఆ తర్వాత నాలుగూ లేకర్స్‌వే. మొత్తం 15 గెలుపులు, 1 ఓటమి. ఎడమొహం పెడమొహంగా ఉన్న ఏడాదే చరిత్రలో నిలిచిపోయే ప్లేఆఫ్స్ ఆడారు. దీనికి ఇద్దరూ జవాబు చెప్పాలి.

ప్లేమేకర్_వైజాగ్ | శనివారం రాత్రి 11:58

చెబుతాను. మార్చిలో ఎవరు తిరిగొచ్చారు? డెరెక్ ఫిషర్. కాలి గాయంతో 62 మ్యాచ్‌లు ఆడలేదు అతను. అతను వచ్చాకే ఆ జట్టు మళ్ళీ జట్టయింది. శాన్ ఆంటోనియో సిరీస్‌లో 20 త్రీలు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) వేస్తే 15 పడ్డాయి.

మనం కెమిస్ట్రీ అంటే ఇద్దరు స్టార్ల మధ్య వ్యవహారం అన్నట్టు మాట్లాడుతున్నాం. అసిస్టెంట్ కోచ్ టెక్స్ వింటర్ నేర్పిన ట్రయాంగిల్ పద్ధతి ఎలా నడుస్తుందో గుర్తు చేసుకోండి. బంతి పోస్ట్‌లో, అంటే రింగు దగ్గర, ఉన్న షాక్ దగ్గరికి వెళ్తుంది. మూలన ఒకడు, పక్కన ఒకడు, ముగ్గురూ త్రికోణంగా నిలబడతారు. ఇద్దరు డిఫెండర్లు షాక్ మీద పడగానే బంతి బయటికి వస్తుంది, ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళకి. ఎవరి కోసమూ ముందే రాసిపెట్టిన ప్లే ఉండదు. కోబ్‌కి షాక్ నచ్చకపోయినా బంతి తన దారిన తాను తిరుగుతుంది, ఫిషర్, హోరీ, ఫాక్స్ లాంటి వాళ్ళు సరైన చోట ఉంటే. కోచ్ ఫిల్ జాక్సన్ చేసిన గొప్ప పని అదే. ఇద్దరినీ స్నేహితులుగా మార్చాలని చూడలేదు. వాళ్ళ స్నేహంతో పని లేని ఆట ఆడించాడు.

ప్లానో_అమ్మ | ఆదివారం ఉదయం 6:20

ఇక్కడ డల్లాస్‌లో ఇంకా శనివారం సాయంత్రమే, కాబట్టి నా వంతు.

మీరు లేకర్స్ దగ్గరే ఆగిపోయారు. మా ఊరి కథ వినండి. మావెరిక్స్‌కి 90ల్లో ముగ్గురు కుర్రాళ్ళు ఉండేవాళ్ళు. జేసన్ కిడ్, జిమ్ జాక్సన్, జమాల్ మాష్‌బర్న్. ముగ్గురి పేర్లూ జె అక్షరంతోనే మొదలవుతాయని త్రీ జేస్ అనేవాళ్ళు. ఊరంతా వాళ్ళమీదే ఆశ పెట్టుకుంది. వాళ్ళలో వాళ్ళకి చెడింది. 1996 డిసెంబరులో కిడ్‌ని ఫీనిక్స్‌కి పంపేశారు, రెండు నెలలు తిరక్కుండానే మిగతా ఇద్దరూ వెళ్ళిపోయారు.

అదే కిడ్ 2008లో అదే ఊరికి తిరిగొచ్చాడు. 2011లో 38 ఏళ్ళ వయసులో డిర్క్‌తో కలిసి టైటిల్ గెలిచాడు, అదీ లెబ్రాన్, వేడ్, బాష్ ఉన్న మయామీ మీద. కుర్రాడిగా ఉన్నప్పటి వేగం, దూకుడు ఏమీ లేవు. కానీ డిర్క్‌కి బంతి ఎక్కడ కావాలో, టెర్రీకి ఎక్కడ కావాలో, చాండ్లర్‌కి ఎంత ఎత్తులో కావాలో తెలుసు. అదే మనిషి, అదే ఊరు. కాబట్టి కెమిస్ట్రీ ఉందా లేదా అని అడిగితే సరిపోదు, ఏ వయసులో కలిశారని కూడా అడగాలి. షాక్, కోబ్ కలిసినప్పుడు కోబ్‌కి పద్ధెనిమిదేళ్ళు నిండలేదు. నా కొడుక్కి ఇప్పుడు పదిహేడు. వాడు ఇంట్లో ఎవరి మాట వింటున్నాడు గనక?

కొత్త_ఫ్యాన్_కరీంనగర్ | ఆదివారం ఉదయం 7:02

అక్కా, ఆ త్రీ జేస్ గొడవ వెనక ఒక గాయని ఉందని ఎక్కడో చదివాను, నిజమేనా?

వేదిక_నిర్వాహకుడు | ఆదివారం ఉదయం 7:15

తమ్ముడూ, వ్యక్తిగత జీవితాల జోలికి వద్దు. కోబ్ విషయంలోనూ అంతే. ఆట వరకే ఉంచుదాం. చర్చ చాలా బాగా నడుస్తోంది, కానివ్వండి.

ఫ్రీమాంట్_గోదారి | ఆదివారం ఉదయం 9:44

గోల్డెన్ స్టేట్ అభిమానిగా ఈ మాట ఎత్తకుండా ఉండలేను, గాయం ఇంకా పచ్చిగానే ఉంది.

2022 జూన్‌లో బోస్టన్‌ని ఓడించి టైటిల్ గెలిచాం. అక్టోబరులో ప్రాక్టీస్‌లో మాటామాటా పెరిగి డ్రేమండ్ గ్రీన్ జోర్డాన్ పూల్‌ని కొట్టాడు. రెండు రోజుల్లో వీడియో బయటికొచ్చింది. పూల్ వెనక్కి పడిపోవడం ప్రపంచమంతా చూసింది. ఆ సీజన్‌లో సొంత కోర్టులో 33 గెలిచి 8 ఓడాం. బయట 11 గెలిచి 30 ఓడాం. డిఫెండింగ్ ఛాంపియన్లు బయట 30 మ్యాచ్‌లు ఓడటం! సొంత ఊళ్ళో జనం అరుపులే మోసుకెళ్తాయి. పరాయి ఊళ్ళో ఆ పదిహేను మందికి ఒకరికొకరు తప్ప ఎవరూ ఉండరు, అక్కడే మా లోటు బయటపడింది. వేసవిలో పూల్‌ని వాషింగ్టన్‌కి పంపి క్రిస్ పాల్‌ని తెచ్చారు.

విషాదం ఏమిటంటే మా కోచ్ స్టీవ్ కెర్. 1995లో చికాగో ప్రాక్టీస్‌లో మైకెల్ జోర్డాన్ చేతిలో కంటికి దెబ్బ తిన్నవాడే. ఆ సీజన్ బుల్స్ 72 గెలిచి 10 మాత్రమే ఓడింది. ఒకే రకం గొడవ, ఒకటి 72 గెలుపులకి దారితీసింది, ఇంకొకటి మా ఇల్లు కూల్చింది. నిజాంపేట్ అన్నా, టెన్షన్ మంచిదని మీరంటున్నారు కదా, ఈ రెండింటికీ తేడా ఎక్కడుందో మీరే చెప్పండి.

నిజాంపేట్_పోస్ట్ | ఆదివారం ఉదయం 10:30

మంచి ప్రశ్న. నాకు తోచింది చెబుతాను.

జోర్డాన్ ఆ రోజే ఫోన్ చేసి క్షమాపణ చెప్పాడు. కెర్ కూడా ఊరికే దెబ్బ తినలేదు, ఎదురు నిలబడ్డాడు. అందుకే జోర్డాన్ దృష్టిలో పెరిగాడు. ఇంకో సంగతి, ఆ కొట్లాటని బయటివాళ్ళెవరూ చూడలేదు. నాలుగు గోడల మధ్య జరిగింది, అక్కడే తేలిపోయింది. పూల్‌కి ఆ అదృష్టం లేదు. లక్షల మంది చూశాక రాజీపడ్డా లోపల మంట ఆరదు.

అసలు చూడాల్సింది రెండేళ్ళ తర్వాత. 1997 ఫైనల్స్ ఆరో మ్యాచ్, యూటాతో. స్కోరు 86-86. టైమౌట్‌లో కూర్చుని జోర్డాన్ కెర్‌తో, స్టాక్టన్ నిన్ను వదిలి నా మీదికి వస్తాడు, సిద్ధంగా ఉండు అన్నాడు. అలాగే వచ్చాడు. జోర్డాన్ పాస్ ఇచ్చాడు, కెర్ కొట్టాడు, టైటిల్ గెలిచారు. కళ్ళు వాచేలా కొట్టినవాడు, సిరీస్ మొత్తంలో అతి ముఖ్యమైన బంతిని అదే మనిషి చేతుల్లో పెట్టాడు. అలాంటి నమ్మకం మంచి మాటల వల్ల వస్తుందని నేననుకోను. ఢీకొని తట్టుకుని నిలబడితేనే వస్తుంది.

బెంచ్_చివర_కుర్చీ | ఆదివారం మధ్యాహ్నం 1:17

నేను ఇక్కడ ఎప్పుడూ చదివి వెళ్ళిపోయేదాన్నే. ఈ చర్చ చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

డిగ్రీలో మా కాలేజీ అమ్మాయిల టీమ్‌లో షూటింగ్ గార్డ్‌గా ఆడాను. మా పాయింట్ గార్డ్ నా రూమ్మేట్. ఇద్దరికీ ఒకటే దువ్వెన, ఒకటే ఆవకాయ సీసా. మూడో సంవత్సరం కెప్టెన్సీ నాకిచ్చారు. తనకి రావాల్సిందని తనూ అనుకుంది, నేనూ అనుకున్నాను. కోచ్ ఎందుకలా చేశారో ఎవరికీ చెప్పలేదు. తను నాతో పోట్లాడలేదు. మాట తగ్గించింది, అంతే. తర్వాత గది మారింది.

కోర్టులో నాకు పాస్ ఇవ్వడం మాత్రం మానలేదు. అందుకే బయటివాళ్ళకి ఏమీ తెలియలేదు. అంతకుముందు నేను స్క్రీన్‌గా అడ్డు నిలబడ్డ మా అమ్మాయిని దాటి తల తిప్పేసరికి బంతి నా ఛాతీ ముందు ఉండేది. అందుకుని పైకి లేవడమే. ఆ ఏడాది అదే పాస్ అర సెకను ఆలస్యంగా వచ్చేది. మోకాళ్ళ దగ్గరికి వచ్చేది. వంగి, అందుకుని, నిటారుగా నిలబడేసరికి ఎదురుగా డిఫెండర్ చేతులెత్తి ఉండేది. షాట్ మిస్ అయితే స్కోర్‌షీట్‌లో నా పేరు మీదే పడేది. ఆమె తప్పు ఎక్కడా రాసి ఉండదు.

సెమీఫైనల్లో అలాంటి పాసే ఒకటి గట్టిగా వచ్చింది. వంగడం ఆలస్యమై బంతి ఉంగరపు వేలి కొసకి తగిలింది. టేపు చుట్టుకుని ఆడేశాను. ఎవరికీ చెప్పలేదు, ఆమెకి అసలే చెప్పలేదు. ఎనిమిది పాయింట్లతో ఓడిపోయాం. ఆ వేలు చివరి కణుపు దగ్గర ఇప్పటికీ వంకరే.

కావాలని చేసిందని నేననుకోను. ఆ అర సెకను ఆమె చేతిలో కూడా లేదనుకుంటాను. మనసు విరిగిన మనిషి వైపు చెయ్యి అంత తొందరగా కదలదు. అందుకే మీరు షాక్, కోబ్‌లవి, డ్రేమండ్, పూల్‌లవి మాటలు చూడకండి. పాస్ ఎప్పుడొచ్చింది, ఎంత ఎత్తులో వచ్చింది, అది చూడండి.

నంబర్లే_సాక్షి | ఆదివారం మధ్యాహ్నం 2:03

బెంచ్ చివర గారూ, ఇరవయ్యేళ్ళుగా బాక్స్ స్కోర్లు చదువుతున్నాను. మీరు చెప్పిన అర సెకను వాటిలో దేంట్లోనూ ఉండదు. ఇంతసేపు అంకెలతో నేను అడిగిన ప్రశ్నకి మీ పోస్టే జవాబు.

ప్లేమేకర్_వైజాగ్ | ఆదివారం మధ్యాహ్నం 2:20

నేను పాయింట్ గార్డ్‌ని. చదివాక కాసేపు ఏమీ తోచలేదు. నేను ఎవరెవరికి అలా ఇచ్చానో ఒక్కొక్కళ్ళూ గుర్తొస్తున్నారు.

స్పర్స్_సీమ | ఆదివారం సాయంత్రం 5:10

ఎవరూ మా శాన్ ఆంటోనియో ఊసెత్తలేదు. గొడవలు లేని జట్టు గురించి చెప్పడానికి ఏముంటుందని కాబోలు.

డంకన్, పార్కర్, జినోబిలి. ముగ్గురూ కలిసి నాలుగు టైటిళ్ళు: 2003, 2005, 2007, 2014. జినోబిలి అంతటివాడు ఏళ్ళ తరబడి బెంచ్ మీద నుంచి వచ్చి ఆడాడు. ఏ దేశంలో, ఏ టీమ్‌లో ఆ స్థాయి ఆటగాడు దానికి ఒప్పుకుంటాడు?

2013 ఫైనల్స్ ఆరో మ్యాచ్ సంగతి చెబుతాను. గెలుపు చేతిలో ఉండగా మయామీ ఆటగాడు రే ఆలెన్ మూల నుంచి త్రీ కొట్టాడు, ఓవర్‌టైమ్‌లో ఓడిపోయాం. ఆ రాత్రి గెలిస్తే సంబరం చేసుకుందామని మయామీలో ఒక రెస్టారెంట్ ముందే మాట్లాడి ఉంచారు. ఓడిపోయాక ఎవరైనా రద్దు చేస్తారు. కోచ్ పోపోవిచ్ మాత్రం అందరూ నేరుగా అక్కడికే రావాలన్నాడు. వచ్చారు, కుటుంబాలతో సహా. కలిసి తిన్నారు. ఎవరి గదిలో వాళ్ళు తలుపేసుకుని కూర్చుంటే ఆ రాత్రి ఆ జట్టు విరిగిపోయేదే. ఏడో మ్యాచ్ కూడా ఓడిపోయారు, నిజమే. కానీ మరుసటి ఏడాది అదే మయామీని 4-1తో ఓడించారు. ఆ 2014 సిరీస్ చూడండి, బంతి ఎవరి చేతిలోనూ నిలవదు. బెంచ్ చివర అక్క చెప్పిన అర సెకను అక్కడ ఎవరూ పోగొట్టుకోలేదు.

కాబట్టి టెన్షన్ ఉంటేనే గొప్ప ఆట వస్తుందన్న మాట నేను నమ్మను. సీమలో పుట్టినవాణ్ణి, పగలతో ఏం సాధించారో నా చిన్నప్పుడే చూశాను.

ప్లానో_అమ్మ | ఆదివారం సాయంత్రం 6:35

2010లో బర్కిలీ పరిశోధకుల అధ్యయనం ఒకటి వచ్చింది. 2008-09 సీజన్ మొదట్లో ఎన్‌బీఏ మ్యాచ్‌లు చూస్తూ ఆటగాళ్ళు ఒకరినొకరు ఎన్నిసార్లు తాకుతున్నారో లెక్కపెట్టారు. చేతులు చరుచుకోవడం, భుజం తట్టడం, ఛాతీలు గుద్దుకోవడం. ఎక్కువ తాకిన జట్లు ఆ సీజన్‌లో మెరుగ్గా ఆడాయి, ఒకరికొకరు ఎక్కువ సాయపడ్డారు. జీతాలు, అంచనాలు, సీజన్ ఆరంభంలో ఆడిన తీరు, ఇవన్నీ లెక్కలోకి తీసుకున్నా ఆ సంబంధం పోలేదట. అది చదివినప్పటి నుంచి మావాడి స్కూల్ మ్యాచ్‌కి వెళ్తే నా కళ్ళు స్కోర్‌బోర్డు మీద ఉండవు. ఫ్రీ త్రో మిస్సయిన పిల్లాడి దగ్గరికి ఎంతమంది వెళ్ళారో చూస్తాను.

నంబర్లే_సాక్షి | ఆదివారం రాత్రి 9:12

బెంచ్ చివర గారి మాట పట్టుకుని 2004 ఫైనల్స్ మళ్ళీ తీశాను. ఇది లేకర్స్ అభిమానులకి నొప్పి కలిగించే లెక్క, క్షమించండి.

షాక్ 84 షాట్లు వేసి 53 కొట్టాడు. 63 శాతం. కోబ్ 113 వేసి 43 కొట్టాడు. 38 శాతం. ఆ సిరీస్‌లో షాక్‌ని ఒంటరిగా ఆపగలిగినవాడు డెట్రాయిట్‌లో లేడు. అయినా కోబ్ అతని కన్నా 29 షాట్లు ఎక్కువ వేశాడు. 1-4తో ఓడిపోయారు. నెల తిరగ్గానే షాక్ వెళ్ళిపోయాడు.

ప్లేమేకర్_వైజాగ్ | ఆదివారం రాత్రి 9:40

అన్నా, అది పూర్తిగా కోబ్ మీద వేయకండి. టేషాన్ ప్రిన్స్ పొడవాటి చేతులతో అతన్ని ఊపిరి తీసుకోనివ్వలేదు. కార్ల్ మలోన్ మోకాలు దెబ్బతింది. ఎదుటి జట్టేమో బిలప్స్, హామిల్టన్, ప్రిన్స్, ఇద్దరు వాలేస్‌లు. ఒక్క సూపర్‌స్టార్ లేకుండా ఐదుగురూ ఒక్క మనిషిలా ఆడిన జట్టు అది.

షాక్ వైపు తప్పు కూడా చెప్పుకోవాలి కదా. కాలివేలి ఆపరేషన్‌ని వేసవంతా వాయిదా వేసి 2002 సెప్టెంబరులో చేయించుకున్నాడు. గాయం పనిలో తగిలింది కాబట్టి పనివేళల్లోనే మానుతుందన్నాడు. ఆ సీజన్ లేకర్స్ 11 గెలిచి 19 ఓడి మొదలుపెట్టింది. కోబ్ చీకటితో లేచి జిమ్‌కి వెళ్ళే మనిషి. తన కష్టానికి విలువ లేనట్టు అనిపించిందంటే తప్పు పట్టగలమా? ఆ మూడేళ్ళూ మింగుకున్నదంతా అప్పుడు బయటికొచ్చింది.

ఫ్రీమాంట్_గోదారి | ఆదివారం రాత్రి 10:08

మీరన్నాక తోస్తోంది. మొదటి మూడేళ్ళ గొడవ ఆట గురించి. బంతి ఎవరి చేతిలో ఉండాలి, ముందు ఎవరు. అలాంటి గొడవ గెలిస్తే సర్దుకుంటుంది. 2002 తర్వాతది గౌరవం గురించి. నువ్వు నాలాగా కష్టపడట్లేదు అని ఒకడు, నన్ను నువ్వు పెద్దవాడిలా చూడట్లేదు అని ఇంకొకడు. దానికి ఏ టైటిలూ మందు కాదు. మా పూల్ విషయంలోనూ దెబ్బ కన్నా, తనని తోటివాడిగా లెక్కచేయలేదన్నదే వాణ్ణి కాల్చేసి ఉంటుంది.

నిజాంపేట్_పోస్ట్ | ఆదివారం రాత్రి 11:15

ఈ తేడా నాకు నచ్చింది. నా మొదటి మాట సగం వెనక్కి తీసుకుంటున్నాను. సగమే.

2000 ఫైనల్స్ నాలుగో మ్యాచ్ గుర్తుందా? ఇండియానాలో. కోబ్ మడమ బెణికి మూడో మ్యాచ్ ఆడలేదు. నాలుగోది ఓవర్‌టైమ్‌కి వెళ్ళింది, షాక్ ఆరో ఫౌల్‌తో బయటికి వెళ్ళిపోయాడు. అప్పుడు 21 ఏళ్ళ కుర్రాడు ఆ కుంటి కాలితో ఓవర్‌టైమ్‌లో 8 పాయింట్లు కొట్టి 120-118తో గెలిపించాడు. అయిపోగానే షాక్ పరిగెత్తుకుంటూ వచ్చి అతన్ని వాటేసుకున్నాడు. నేను నీ కన్నా తక్కువ కాదని చూపించాలన్న తపన ఆ కుర్రాడిలో లేదని ఎవరైనా అనగలరా? ఆ తపన పుట్టింది షాక్ నీడలో ఉండబట్టే. అది నేను వదలను.

పోతే, చివరిదాకా వాళ్ళు అలాగే ఉండిపోలేదు. 2009 ఆల్ స్టార్ మ్యాచ్‌లో ఇద్దరికీ కలిపి ఎంవీపీ (ఉత్తమ ఆటగాడి పురస్కారం) ఇచ్చారు. 2016లో కోబ్ ఆఖరి మ్యాచ్‌కి ముందు షాక్ అతన్ని 50 కొట్టమని అడిగాడు. కోబ్ 60 కొట్టాడు. 2020 జనవరిలో కోబ్ ప్రాణాలు తీసిన హెలికాప్టర్ ప్రమాదం జరిగిన రెండు రోజులకి షాక్ టీవీలో కూర్చుని ఏడుస్తూ చెప్పింది విన్నాను. మాట్లాడదాం మాట్లాడదాం అనుకుంటూనే మాట్లాడలేదని. ఆ వీడియో రెండోసారి చూడలేకపోయాను.

స్పర్స్_సీమ | ఆదివారం రాత్రి 11:31

నేను కూడా.

బెంచ్ చివర అక్కా, అడగొచ్చో లేదో, మీ పాయింట్ గార్డ్‌తో ఇప్పుడు మాటలున్నాయా?

బెంచ్_చివర_కుర్చీ | సోమవారం రాత్రి 9:50

లేవు తమ్ముడూ, పదకొండేళ్ళుగా. మీరు అడిగాక, షాక్ సంగతి చదివాక, నిన్న రాత్రంతా అదే ఆలోచన. ఇవాళ ఆఫీసు నుంచి వచ్చాక ఫోన్ చేశాను. పాత నంబరే.

గొంతు గుర్తుపట్టింది. ముప్పావు గంట మాట్లాడుకున్నాం. వాళ్ళ అబ్బాయి రెండో తరగతి, అన్నం తినకుండా ఏడిపిస్తాడట. అత్తగారికి ఆపరేషన్ అయిందట. హాస్టల్ వార్డెన్ గుర్తొచ్చి ఇద్దరం నవ్వుకున్నాం. కెప్టెన్సీ మాట నేను ఎత్తలేదు, తనూ ఎత్తలేదు. సెమీఫైనల్ మాటా రాలేదు.

పెట్టేస్తానని చెప్పాక కాసేపు పెట్టలేదు. అప్పుడు అడిగింది, "ఆ వేలు తిన్నగా అయిందా?" అని.